నాన్న బీఎస్‌ఏ: ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి స్టేషన్ దాకా

(సిబ్బంది కుటుంబాల సాయంకాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇరవై నిమిషాలు మాట్లాడండి. విషయం మీ ఇష్టం, బ్యాంకు గురించి మాత్రం వద్దు" అన్నారు మన క్లబ్బు కార్యదర్శి గారు. అందుకని ఒక మోటారు సైకిల్ గురించి చెబుతాను. దాన్ని బాగుచేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అది రోడ్డు మీద నడిచింది మాత్రం ఒకే ఒక్క ఉదయం, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టర్ నుంచి ఖరగ్‌పూర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసు దాకా.

బ్యాంకు మాట రానివ్వనని మాటిచ్చాను గానీ, ఒక్క పోలిక చెప్పనివ్వండి. రెండేళ్ళు లావాదేవీ లేని ఖాతాను మనం ఇనాపరేటివ్ అంటాం. పదేళ్ళు దాటితే ఆ సొమ్మును రిజర్వు బ్యాంకు నిధికి పంపేస్తాం. అలా పంపినా ఖాతాదారుడి హక్కు పోదు, ఎప్పుడైనా వచ్చి అడగవచ్చు. మా నాన్న బండి 1988 వానాకాలం నుంచి 2023 డిసెంబరు దాకా వెనక వరండాలో గోనెపట్టా కింద ఉంది. ముప్పై అయిదేళ్ళ పాటు లావాదేవీ లేని ఖాతా అది. దాన్ని అడగడానికి నేను వెళ్ళాను.

ఖరగ్‌పూర్ గురించి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పశ్చిమ బెంగాల్లో ఉన్నా సగం మన ఊరే. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు అక్కడ పెద్ద వర్క్‌షాపు పెట్టారు. వాళ్ళ లైను వాల్తేరు దాకా వచ్చేది కనుక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్ళు రైలెక్కి పనికి వెళ్ళారు, అక్కడే స్థిరపడ్డారు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఆ స్టేషన్‌దే, 1072 మీటర్లకు పైగా ఉంటుంది. తరువాత గోరఖ్‌పూర్, ఆ తరువాత హుబ్బళ్ళి దాన్ని దాటేశాయి. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ధోనీ టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేసిన ఊరు. గోల్ బజార్‌లో నిలబడి తెలుగులో బేరమాడితే తెలుగులోనే జవాబు వస్తుంది. మధ్యలో రెండు హిందీ ముక్కలు, ఒక బెంగాలీ ముక్క పడతాయి, అంతే.

మా నాన్న 1957లో వర్క్‌షాపులో చేరారు. పెట్టెలకు బ్రేకులు బిగించే ఫిట్టరు. 1996లో రిటైరయ్యారు. అప్పటికే అన్నయ్య రైల్వేలో ఉన్నాడు కనుక ఆ క్వార్టర్ అన్నయ్య పేరు మీదికి మారింది. మా పెద్దన్నయ్యకీ నాకూ పదిహేనేళ్ళ తేడా, మధ్యలో ముగ్గురు అక్కలు. నేను చదువుకుని బ్యాంకులో చేరి విశాఖపట్నం వచ్చేశాను. అమ్మా నాన్నా అన్నయ్య దగ్గరే ఉండిపోయారు.

ఇక బండి సంగతి. బీఎస్‌ఏ అనగానే మన తరం వాళ్ళకు సైకిలు గుర్తొస్తుంది. అసలు బీఎస్‌ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అంటే తుపాకుల కంపెనీ. వాళ్ళ గుర్తు మీద కూడా మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కోసం ఆ కంపెనీ ఎం20 అనే మోడల్‌ను లక్షా ఇరవై వేలకు పైగా తయారుచేసింది. ఒకే సిలిండరు, 496 సీసీ, బలం 13 హార్స్‌పవర్. ఈనాటి స్కూటర్లు కొన్నిటికి అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కానీ ఎలాంటి పెట్రోలు పోసినా, ఎంత దుమ్ములో నడిపినా ఒప్పుకునే బండి. వెనక స్ప్రింగులు లేవు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. బర్మింగ్‌హామ్‌లో ఆ మోటారు సైకిళ్ళ ఫ్యాక్టరీ 1970ల్లో మూతపడింది. ఆ పేరును 2016లో మన మహీంద్రా వాళ్ళ గ్రూపు కొన్నది.

యుద్ధకాలంలో ఖరగ్‌పూర్ చుట్టుపక్కల కలైకుండా, సలువా, దుధ్‌కుండి దగ్గర విమానాలు దిగే మైదానాలుండేవి. ఇప్పుడు ఐఐటీ ఉన్న హిజ్లీలో 1944లో అమెరికా వాళ్ళ బాంబర్ కమాండ్ కార్యాలయం ఉండేది. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న సామాన్లలో ఒక ఎం20ని ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవర్ గారు కొన్నారట. ఆయన 1969లో కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ మా నాన్నకు తొమ్మిది వందల రూపాయలకు అమ్మారు. నాన్నకు ఆ రోజుల్లో అది మూడు నెలల జీతం కన్నా ఎక్కువ. మా అమ్మ ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

1988లో నాకు పదేళ్ళు. జులైలో ఒక సాయంత్రం నాన్నా అమ్మా గోల్ బజారు నుంచి వస్తూ పడ్డారు. నాన్నకు గీరుకుపోయింది. అమ్మ కుడి మోకాలు విరిగింది. మూడు నెలలు ఆస్పత్రిలో ఉంది. ఆ మోకాలు ఈనాటికీ పూర్తిగా వంగదు. పీట మీద కూర్చోలేదు, పూజ కుర్చీలో కూర్చుని చేసుకుంటుంది. నాన్న బండిని నెట్టుకుంటూ ఇంటికి తెచ్చి, గోనెపట్టా కప్పి, మళ్ళీ తీయలేదు. అమ్మనూ లేదు. ఎవరడిగినా "ఉండనీ" అనేవారు.

అన్నయ్య 2023 నవంబరు 30న రిటైరయ్యాడు. రిటైరైన నాలుగు నెలల్లో క్వార్టర్ ఖాళీ చేయాలి. అంటే 2024 మార్చి 31 గడువు. అన్నయ్య కొన్న ఫ్లాటు రెండో అంతస్తులో ఉంది, దాని పార్కింగులో స్కూటరు పెట్టేంతే చోటు. ఇనుప సామాన్లు కొనేవాడు వచ్చి చూసి ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. వదిన ఫోను చేసి, "మరిదీ, మీ నాన్నగారు ఇచ్చేయమన్నారు గానీ, రెండ్రోజులుగా సరిగా అన్నం తినడం లేదు" అంది. ఆ రాత్రే నేను టికెట్ బుక్ చేసుకున్నాను.

బ్యాంకు వాళ్ళ లెక్క మీకు తెలుసు. మనకు రెండో శనివారం, నాలుగో శనివారం మాత్రమే సెలవు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఎనిమిది వారాంతాలు. వాటిలో చివరి రెండూ మార్చిలో. పైగా ఆ ఏడు మార్చి 31 ఆదివారమైనా ప్రభుత్వ లావాదేవీల కోసం బ్యాంకులు తెరవాలని ఆదేశం. క్వార్టరుకీ నాకూ ఒకే రోజు క్లోజింగ్.

నేను మేనేజ్‌మెంట్ చదివినవాణ్ణి. మొదటి ప్రయాణంలో రైల్లోనే ల్యాప్‌టాప్ తీసి ప్రాజెక్టు పట్టిక తయారుచేశాను. 41 పనులు. ఏది ముందు, ఏది వెనక, దేనికెంత ఖర్చు, ఎవరు బాధ్యులు. బాధ్యుల గడిలో నలభై ఒక్కచోట్లా నా పేరే రాసుకోవాల్సి వచ్చింది. ఆ పట్టికలో ఆరో నంబరు సైలెన్సరుకూ హ్యాండిల్‌కూ క్రోమ్ పూత. అంచనా 18 వేలు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

డిసెంబరు 9న గోనెపట్టా తీశాం. టైర్లు రాయిలా గట్టిపడ్డాయి. సీటు కింద ఎలుకల కాపురం. కిక్ రాడ్ మీద కాలు వేయబోతే అన్నయ్య ఆపాడు. ఇలాంటి బండి దొరికిన వాళ్ళంతా చేసే మొదటి తప్పు అదే. ఏళ్ళ తరబడి కదలని ఇంజనులో పిస్టన్ సిలిండరుకు అంటుకుపోయి ఉంటుంది. కాలితో బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కిరోసినూ ఇంజన్ ఆయిలూ కలిపి పోసి వదిలేశాం. అన్నయ్య రోజూ పొద్దున్నే టాప్ గేరులో ఉంచి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లిగా ఊపేవాడు. పదమూడో రోజున నాకు ఫోను చేసి, "కదిలిందిరా" అన్నాడు. నేను కౌంటరు దగ్గర నిలబడి కస్టమరు ముందే నవ్వేశాను.

రెండోసారి క్రిస్మస్ కలిసొచ్చి మూడు రోజులు దొరికాయి. విప్పడం మొదలుపెట్టాం. విప్పే ముందు ప్రతిదానికీ ఫోటో. ఒక్కో భాగం నట్లు ఒక్కో చిన్న సంచిలో వేసి, పైన చీటీ కట్టాం. చిల్లర నాణేలు కట్టే అలవాటు పనికొచ్చింది. ఆ సంచులు బజార్లో కొన్నవే, బ్రాంచివి కావు. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు ఎవరైనా ఉంటే గమనించగలరు.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. నేను విశాఖ నుంచి మంచి స్పానర్ల పెట్టె కొని తెచ్చాను. ఈ బండి నట్లకు 13 నంబరు ఎక్కదు, 14 నంబరు జారిపోతుంది. నాలుగు నట్ల అంచులు గుండ్రంగా అరగదీసేశాను. వరండాలో కుర్చీలో కూర్చున్న నాన్న ఆ చప్పుడు విన్నారు. ఎనభై అయిదేళ్ళు, చూపు బాగా తగ్గింది, చేతులు వణుకుతాయి, చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. "అది విట్‌వర్త్‌రా, నీ పానాలు పట్టవు" అన్నారు. బండి గురించి ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

సంక్రాంతికి నాలుగు రోజులు వెళ్ళాను. భోగి నాటి సాయంత్రం నాన్న మంచం కింది ట్రంకు పెట్టె తీయించారు. అందులో గుడ్డలో చుట్టిన స్పానర్లు, నూనె రాసి ఉన్నాయి. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1841లో మరలకు ఒక కొలత పద్ధతి పెట్టాడు. ఆ పద్ధతిలో స్పానర్ మీద రాసిన అంకె బోల్టు మర లావును చెబుతుంది గానీ స్పానర్ నోటి వెడల్పును కాదు. పావు అంగుళం అని రాసున్న దాని నోరు కొలిస్తే 13.3 మిల్లీమీటర్లు ఉంటుంది. అందుకే నా 13 ఎక్కలేదు, 14 జారింది. ఇంగ్లండులో తయారైన ఆవిరి ఇంజన్లకూ ఇంగ్లండులో తయారైన మోటారు సైకిలుకూ ఒకే కొలత. నాన్న చేతి పనిముట్లు నట్లకు పట్టేసరికి, తాళంచెవి తాళంలోకి వెళ్ళినట్టు అనిపించింది.

ఆ నాలుగు రోజులూ నాన్న చెబుతూ ఉంటే నేను చేశాను. కార్బురేటరులో ఇత్తడి ఫ్లోటు ఉంటుంది. దాన్ని వేడినీళ్ళలో ముంచమన్నారు. సన్నని బుడగలు వచ్చిన చోట చిల్లు ఉన్నట్టు. అక్కడ చుక్కంత టంకం వేశాం. జెట్లను సూదితో పొడవవద్దు, రంధ్రం పెద్దదైపోతుంది, సన్నని రాగి తీగతో తీయమన్నారు. పెట్రోలు ట్యాంకులో వెనిగరూ గుప్పెడు చిన్న నట్లూ వేసి మూత బిగించి, అన్నయ్యా నేనూ వంతులవారీగా ఊపాం. తరువాత చాకలి సోడా నీళ్ళతో కడిగి ఎండబెట్టాం. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకని గొట్టాలు కొత్తవి వేశాం. బండి నిలిపి ఉంచేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలని రాసి పెట్టుకున్నాం.

చక్రాల పువ్వలు గోల్ బజార్‌లో సైకిళ్ళు బాగుచేసే ముసలాయన కట్టాడు. తుప్పు పట్టిన రిమ్ముల్ని చూసి ముందు తల అడ్డంగా ఊపాడు. "ఏ బండివి?" అని అడిగాడు. బీఎస్‌ఏ అనగానే, "ముందే చెప్పొద్దా దాదా" అని కుర్చీ లాగాడు. టైర్ల కోసం భయపడ్డాను గానీ, మన పాత బుల్లెట్టుకూ దీనికీ ఒకే సైజు, 3.25-19. మామూలు కొట్లోనే దొరికాయి. ఇగ్నిషన్‌కు కావలసిన మాగ్నెటోను కలకత్తా మల్లిక్ బజార్ దాకా తీసుకెళ్ళి, దాన్ని కొత్తగా చుట్టే మనిషిని వెతికి పట్టుకున్నాం.

ఇలా ఫిబ్రవరి 10 వచ్చింది. అన్నం తిన్నాక నాన్న, "నీ లిస్టు సదువు" అన్నారు. పట్టిక మొత్తం చదివాను. అంతా విని, "బ్రేకు ఎన్నో నంబరు?" అని అడిగారు.

"ముప్పై మూడు, నాన్నా."

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకూ అంతేరా, ఎనబై ఎనిమిదిలో" అన్నారు.

ముప్పై అయిదేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పారు. ముందు బ్రేకు కేబుల్ చివర ఒక చిన్న గుండు ఉంటుంది, అదే లివరులో కూర్చుని తీగను లాగుతుంది. ఆ గుండు దగ్గర తీగ పోగులు తెగుతున్నాయని నాన్నకు తెలుసు. సన్నని ఇనుప తీగతో చుట్టి, ఆదివారం మారుద్దాంలే అనుకున్నారు. ఆ ఆదివారం హెడ్‌లైటు రిపేరు చేశారు. తరువాతి ఆదివారం ట్యాంకుకు రంగు వేశారు. మూడో ఆదివారం రాకముందే, గోల్ బజారు మలుపులో వానలో ఒక రిక్షా అడ్డొచ్చింది. లివరు నొక్కితే గుండు ఊడి చేతిలోకొచ్చింది. ఒట్టి వెనక బ్రేకుతో బండి జారింది.

"పగలంతా రైలు పెట్టెలకి బ్రేకులు కట్టేవోణ్ణి నేను" అన్నారు నాన్న. "రైలు బ్రేకు ఎలగుంటాదో తెలుసా నీకు?"

నాకు తెలియదు. ఆయన చెప్పారు. ఆ రోజుల్లో రైలుకు వాక్యూమ్ బ్రేకులు. రైలు పొడుగునా ఒక గొట్టం, అందులోంచి గాలి లాగేసి ఉంచితేనే బ్రేకులు వదులుతాయి. గొట్టం పగిలినా, పెట్టెలు విడిపోయినా గాలి లోపలికి వచ్చి బ్రేకులు వాటంతటవే పడతాయి. అంటే పాడైతే రైలు ఆగుతుంది. మోటారు సైకిలు దానికి తిరగబడిన వ్యవహారం. తీగ తెగితే బ్రేకే పోతుంది. రైలులో తప్పును గొట్టం కాస్తుంది. బండి మీద తప్పును కాసేది మనిషి ఒక్కడే. "అప్రెంటీసు పిల్లలకి ఏళ్ళ తరబడి ఇదే సెప్పేను. ఇంట్లో బండికి మాత్రం తీగ సుట్టేను. మీ అమ్మ ఒక్క మాట అన్లేదు. అన్నా బాగుండును."

వరండా గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి విన్నదో తెలియదు. "అనడానికేటుంది, అది నాకు అప్పుడే తెలుసు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మిత్రులారా, నేను ఆ రాత్రే పట్టిక మార్చాను. బ్రేకులు ఒకటో నంబరు. క్రోమ్ పూత కొట్టేశాను. ఈనాటికీ ఆ సైలెన్సరు మీద తుప్పు మచ్చలు అలాగే ఉన్నాయి.

బ్రేకుల పని రెండు రోజులు చేశాం. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్మును నోటితో ఊదకూడదు, పొడి బ్రష్షుతో దులపకూడదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూటకట్టి పారేయాలి. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. డ్రమ్ములను లేత్ మీద గుండ్రంగా తీయించాం. కొత్త లైనింగు వేసిన షూలకు సుద్దముక్క రాసి, చక్రం తిప్పి, బ్రేకు నొక్కి, మళ్ళీ విప్పి చూశాం. సుద్ద చెరిగిన చోట తగులుతున్నట్టు, చెరగని చోట తగలనట్టు. ఎత్తుగా ఉన్న చోట ఆకురాయితో రుద్ది, మళ్ళీ సుద్ద. అయిదుసార్లు.

కేబుల్ మాత్రం నాన్నే చేస్తానన్నారు. కొత్త తీగను గుండులోంచి దూర్చి, చివర పోగులను పువ్వు రేకుల్లా విప్పాలి. విప్పిన పువ్వు గుండులోని గుంటలో కూర్చున్నాక టంకం పోయాలి. అప్పుడు ఎంత లాగినా పువ్వు రంధ్రంలోంచి రాదు. విప్పకుండా ఊరికే టంకం పోస్తే చూడ్డానికి ఒకేలా ఉంటుంది, ఒకరోజు జారిపోతుంది. ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. పోగులను కళ్ళతో కాక గోటితో వెతికి విప్పారు. టంకం నేను పోశాను. చల్లారాక ఒక చివర కిటికీ ఊచకు కట్టించి, రెండో చివర నన్ను బలంగా లాగమన్నారు. లాగాను. ఇంకా లాగమన్నారు. అన్నయ్య కూడా వచ్చి పట్టుకున్నాడు. కిటికీ కదిలింది గానీ గుండు కదల్లేదు.

ఫిబ్రవరి 24న మొదటిసారి స్టార్ట్ చేశాం. ఈ బండికి తాళంచెవి లేదు. పెట్రోలు తిప్పాలి, కార్బురేటరు మీది చిన్న మీట నొక్కాలి, హ్యాండిల్ మీది లివరుతో ఇగ్నిషన్‌ను వెనక్కి తీయాలి. అది మరిచిపోతే కిక్ రాడ్ తిరిగి కొట్టి మడమ విరగ్గొడుతుంది. ఏడో కిక్కుకు పట్టుకుంది. వెంటనే ఆయిల్ ట్యాంకు మూత తీసి చూశాం. ఇంజను అడుగు నుంచి ఆయిలు తిరిగి ట్యాంకులోకి పడుతూ ఉండాలి. పడకపోతే నిమిషంలో ఇంజను పాడవుతుంది. పడింది. ఆ ఢబ్ ఢబ్ చప్పుడుకు పక్క క్వార్టర్ల వాళ్ళు వచ్చేశారు. నాన్న మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

పది నిమిషాలకు ఇంజను వేడెక్కి ఆగిపోయింది. చల్లారేదాకా మళ్ళీ పట్టుకోలేదు. చల్లగా ఉంటే నడిచి, వేడెక్కితే చచ్చిపోవడం మాగ్నెటో జబ్బు. లోపలి కండెన్సరు వేడికి నిలవడం లేదు. ఆరు వేలు మిగులుతాయని పాత కండెన్సరునే ఉంచమన్నది నేనే. మళ్ళీ కలకత్తా, మళ్ళీ ఖర్చు. సంక్ కాస్ట్ గురించి పరీక్షలో పదహారు మార్కుల జవాబు రాసినవాణ్ణి. పెట్టేసిన డబ్బు చూసి ముందడుగు నిర్ణయించకూడదని రాశాను. ఆ రోజు రైల్లో కూర్చుని ఆ జవాబు మొత్తం నాకు నేనే అప్పజెప్పుకున్నాను.

ఈలోగా కాగితాల పని అన్నయ్య చూశాడు. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి తనిఖీ చేయించుకుని, అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ పద్ధతి కూడా వచ్చింది. కొత్తగా చేయించుకుంటే రుసుము 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఆ బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ నడపకూడదు. మా దగ్గర నాన్న పేరు మీద పాత ఆర్‌సీ పుస్తకం ఉంది కనుక దాన్నే బతికించుకోవాలనుకున్నాం. చేతిరాత పుస్తకంలోని వివరాలు ముందు కంప్యూటరులోకి ఎక్కాలి. అన్నయ్య ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. రిటైరైన మనిషికి ఆ నాలుగు నెలలూ అదే డ్యూటీ. "మీ బ్యాంకులో కేవైసీకి మేం తిరిగినట్టే ఉందిరా" అన్నాడు ఒకరోజు. నేను మాట మార్చాను.

కాగితం చేతికి వచ్చేదాకా బండిని రోడ్డెక్కించకూడదని నాన్న షరతు. అందుకని మార్చి 11న తనిఖీకి చిన్న ట్రాలీ ఆటో మీద ఎక్కించి తీసుకెళ్ళాం. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే, ఎనభై ఏళ్ళ కిందట బర్మింగ్‌హామ్‌లో కొట్టిన అంకెలు తేలాయి. ఇన్‌స్పెక్టరు గారు బ్రేకులు రెండుసార్లు చూశారు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం అడిగారు. అన్నీ ఉన్నాయి.

అంతకు రెండు రోజుల ముందు ఇంకో తనిఖీ జరిగింది. అది చెప్పి ముగిస్తాను. మార్చి 9 సాయంత్రం, క్వార్టర్ వెనక ఖాళీ జాగాలో పనసచెట్టు కింద అమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది. "మూడుసార్లు ఆపి సూపించు" అంది. ప్రహరీ దగ్గర నుంచి వచ్చి, ఆమె ముందు గీసిన గీత దగ్గర ఆపాలి. మొదటిసారి మెల్లిగా వచ్చి ఆపాను. రెండోసారి ఇంకొంచెం వేగంగా. మూడోసారి అన్నయ్య నేల మీద రెండు బకెట్ల నీళ్ళు పోశాడు. అమ్మే పోయమంది. గీతకు జానెడు ఇవతల ఆగాను. అమ్మ లేచి, కుంటుకుంటూ వచ్చి, ముందు బ్రేకు లివరు తన చేత్తో నొక్కి చూసింది. గుండు దగ్గర వేలు పెట్టి తడిమింది. తరువాత నాన్న వైపు చూసి, "బాగానే కట్టేవు" అంది.

బండి మీద కూర్చోమని అడిగాను. "నా మోకాలు వంగదు కదరా" అని నవ్వింది. అంతే. నాన్న ఆ రాత్రి రెండోసారి పప్పు వేయించుకుని అన్నం తిన్నారని వదిన మరునాడు చెప్పింది.

రెన్యువల్ కాగితం చేతికొచ్చాక, మార్చి 23 ఉదయం ఆరు గంటలకు బండి రోడ్డెక్కింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ వేపచెట్ల కింద నుంచి, పాత ఎర్ర ఇటుక క్వార్టర్ల ముందు నుంచి, ముప్పై కిలోమీటర్ల వేగం దాటకుండా వెళ్ళాను. గేరు కుడివైపు ఉన్నదని ప్రతి మలుపులో నాకు నేనే చెప్పుకున్నాను. అన్నయ్య స్కూటరు మీద వెనకే వచ్చాడు. గోల్ బజారు మలుపు దగ్గర ఎవరూ అడ్డు రాలేదు. అయినా ఆపాను. ఆపి, రెండు క్షణాలు నిలబడి, మళ్ళీ కదిలాను. పార్సిల్ ఆఫీసులో పెట్రోలు పూర్తిగా తీసేయించి, గోనెపట్టాతో చుట్టి, చీటీ కట్టారు. మా తాతల కాలంలో మనవాళ్ళు పనికోసం ఎక్కి వచ్చిన లైను మీదే బండి విశాఖ చేరింది. ఎన్‌ఓసీ తరువాత అన్నయ్య పోస్టులో పంపాడు.

లెక్క చెప్పకపోతే బ్యాంకు ఆఫీసరును అనిపించుకోను. రైలు టికెట్లు కాక మొత్తం 58 వేలు ఖర్చయింది. అందులో మాగ్నెటో ఒక్కటే 20 వేలు. బ్రేకులకు, కేబుల్‌తో సహా, 2,300. అన్నిటికన్నా తక్కువ ఖర్చయిన పనినే నేను ముప్పై మూడో నంబరులో పెట్టాను. మెరిసేవాటికి ఖర్చు ఎక్కువ కనుక ముఖ్యమైనవనిపించాయి. మీ ఇళ్ళలో ఎవరికైనా పాత బండి ఉంటే నేను చెప్పగలిగింది ఇంతే. ముందు బ్రేకులు, టైర్లు, కేబుళ్ళు. తరువాత కాగితాలు. ఆ తరువాత ఇంజను. రంగులూ క్రోమూ డబ్బు మిగిలితే. ఇంట్లో ఆ బండిని నడిపిన పెద్దలుంటే, స్పానరు పట్టుకునే ముందే వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. నేను రెండు నెలలు ఆలస్యంగా కూర్చున్నాను.

ఇప్పుడు నెలకొకసారి ఆదివారం ఉదయం ఆ బండి మా వీధి చివరి దాకా వెళ్ళి వస్తుంది. బయలుదేరే ముందు ఖరగ్‌పూర్‌కు ఫోను చేస్తాను. నాన్న బండి ఎలా నడుస్తోందని అడగరు. "ఆగుతోందా?" అంటారు. "ఆగుతోంది నాన్నా" అన్నాకే కిక్ కొడతాను.

సమోసాలు వచ్చేశాయి.